తొమ్మిదో తరగతి పిల్లల్ని లాక్‌తో, రూసోతో వాదించుకోనివ్వండి

సోషల్ పాఠ్యపుస్తకాలు తయారుచేసే పెద్దలకి, పబ్లిక్ పరీక్షల పేపర్లు సెట్ చేసే మాస్టార్లకి, మేడమ్‌లకి నమస్కారమండి.

నేను యానానికి దగ్గర్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఈ ఉత్తరం తొమ్మిదో తరగతి ఫ్రెంచి విప్లవం పాఠంలో ఉన్న ఒకే ఒక్క పేరా గురించి. ఒక్క పేరాకి ఇంత పెద్ద ఉత్తరమా అనుకోకండి, రాజ్యాంగం పీఠికలో మనం రాసుకున్న స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం వెనకాల యూరప్‌లో నడిచిన వాదోపవాదాలన్నీ ఆ పేరాలోనే ఇరుక్కుని ఉన్నాయి, ఇంకో నాలుగేళ్ళలో ఓటెయ్యబోయే పిల్లలకి హైస్కూల్లో అవి తగిలే చోటు దాదాపు అదొక్కటే.

పేరాలో ఏముందో మీకు తెలుసు. రాజుకి దేవుడిచ్చిన తిరుగులేని హక్కు ఉందనే వాదాన్ని ఇంగ్లీషు ఆలోచనాపరుడు జాన్ లాక్ ఖండించాడు, రూసో ఆ ఆలోచనని ముందుకి తీసుకెళ్ళి ప్రజలకీ వాళ్ళ ప్రతినిధులకీ మధ్య సామాజిక ఒడంబడిక మీద నడిచే ప్రభుత్వం కావాలన్నాడు, మాంటెస్క్యూ శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖల మధ్య అధికార విభజన ఉండాలన్నాడు. అంతే, మూడు పేర్లు మూడు మాటలు. దీన్ని బళ్ళో ఏం చేస్తున్నామంటే ఒక పీరియడ్‌లో చదివించి, పెన్సిల్‌తో అండర్‌లైన్ చేయించి, జతపరచండి అని ఒక బిట్టు, రూసో గురించి రాయండి అని ఒక రెండు మార్కుల ప్రశ్న. మార్కులు వచ్చేస్తాయి. నెల పోయాక అదే పిల్లాణ్ణి లేపి "చట్టం చేసినవాడే శిక్ష కూడా వేస్తే నష్టమేంట్రా" అని అడగండి, బిత్తరపోయి పక్కవాడి వంక చూస్తాడు. మరి ఆ ప్రశ్న వాణ్ణి ఎవరూ ఎప్పుడూ అడగలేదు కదండీ.

ఆ పేరాని పిల్లలే నడిపే చర్చగా చెప్పే వీలు మాకు కల్పించండి, పరీక్ష పేపర్ ఆ చర్చని చంపకుండా చూడండి. నా విన్నపం ఇదే, మిగతాదంతా ఎందుకో ఎలాగో చెప్పడానికి.

ముందు ఎందుకో చెప్తాను. ఆ పేరా చదివితే ముగ్గురూ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఒకే మాటని మోసుకొచ్చినట్టు ఉంటుంది. నిజానికి వాళ్ళకి ఒకళ్ళతో ఒకళ్ళకి పడదు. లాక్ కంటే ముందు ఇంగ్లండ్‌లోనే హాబ్స్ అనే ఆలోచనాపరుడు ఉన్నాడు, ఆయన పేరు మన పేరాలో లేనే లేదు. ఇంగ్లండ్‌లో అంతర్యుద్ధం జరిగి 1649లో చార్లెస్ రాజు తల నరికేశాక, ఆ రక్తపాతం జరిగిన రోజుల్లో బతికినవాడు కాబట్టి 1651లో హాబ్స్ ఏమన్నాడంటే, పైన గట్టి అధికారం లేకపోతే మనుషులు ఒకళ్ళనొకళ్ళు పీక్కుతింటారు, బతుకు ఒంటరిగా, దరిద్రంగా, పశువులా, కొద్దికాలానికే ముగిసిపోతుంది, అందుకే అందరూ తమ హక్కులు ఒక సార్వభౌముడికి అప్పజెప్పి ప్రాణాలు కాపాడుకోవాలి అని. 1689లో లాక్ అచ్చువేసిన పుస్తకం, తన పేరు కూడా వేసుకోకుండా వేసిన పుస్తకం, దానికి ఇంచుమించు ఎదురు. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి కాపాడటానికే ప్రభుత్వం, ఆ పని చెయ్యకపోగా వాటి మీదే పడితే జనం దాన్ని దించెయ్యొచ్చు అంటాడు. 1748లో మాంటెస్క్యూ, అసలు అధికారం ఎవరి చేతిలో ఉందని కాదు, ఎన్ని చేతుల్లో ఉందో చూడండి అంటాడు. 1762లో రూసో వచ్చి, మనిషి స్వేచ్ఛగా పుట్టాడు కానీ ఎక్కడ చూసినా సంకెళ్ళలోనే ఉన్నాడు అని మొదలుపెట్టి, ప్రజలు తమ అధికారాన్ని ప్రతినిధుల చేతిలో పెట్టడమే కుదరదు పొమ్మంటాడు. ఇన్ని తగాదాలున్న విషయాన్ని జతపరచండి అని ఎలా అడుగుతాం చెప్పండి? పుస్తకం పేరు గుర్తుంటుంది, తగాదా గుర్తుండదు, తగాదా పోయాక అందులో మిగిలేది ఏమీ లేదు.

ఇంకో విషయం కూడా ఆ పాఠంలోనే ఉంది. ఈ ఆలోచనలు సలాన్లలో (అంటే ఎవరింట్లోనో నలుగురూ చేరి మాట్లాడుకునే సభల్లో), కాఫీ హోటళ్ళలో గట్టిగా చర్చకి వచ్చాయని, చదువురానివాళ్ళ కోసం పుస్తకాలూ పత్రికలూ గుంపుల్లో పైకి చదివి వినిపించేవాళ్ళని రాశారు. పారిస్‌లో మదాం జోఫ్రాన్ అనే ఆవిడ ఇంట్లో సోమవారాలు చిత్రకారులు, బుధవారాలు రచయితలు పోగయ్యేవాళ్ళు. మనకీ ఇది కొత్త కాదు, 1911లో బెజవాడలో రామ్మోహన గ్రంథాలయం పెట్టినప్పటి నుంచి గ్రంథాలయ ఉద్యమం వాళ్ళు ఊరూరా పత్రికలు చదివి వినిపించి జనం చేత మాట్లాడించినవాళ్ళే. మాట్లాడుకుంటూ పెరిగిన ఆలోచనని మేం మాత్రం "సైలెన్స్" అని డస్టర్‌తో టేబుల్ కొట్టి డిక్టేట్ చేస్తున్నాం.

ఇప్పుడు క్లాసులో ఎలా ఉంటుందో చెప్తాను, ఇది నేను చూసిందే. చర్చకి ముందురోజు ఒక్క పేజీ ఇస్తాను, నలుగురు ఆలోచనాపరుల మాటలు తేలిక తెలుగులో, ఒక్కొక్కళ్ళవి ఐదారు వాక్యాలు, అంతకంటే ఎక్కువ కాదు. ఇంటికెళ్ళి చదువుకుని తలా ఒక ప్రశ్న చీటీ మీద రాసుకొస్తారు. ఆ చీటీల్లోంచి ముగ్గురు పిల్లలు కూర్చుని రెండు ప్రశ్నలు ఎంచుతారు. చర్చ నడిపేది కూడా పిల్లలే, చీటీ తీసి వచ్చిన పేరు, క్లాస్ లీడరో ఫస్ట్ ర్యాంకరో కాదు. క్లాసులో యాభై మంది దాకా ఉంటారు కాబట్టి అందరూ ఒకే గుండ్రంగా కూర్చోవడం కుదరదు, సగం మంది లోపల గుండ్రంగా కింద కూర్చుని మాట్లాడతారు, మిగతా సగం వాళ్ళ వెనకాల కూర్చుని ఒక్కొక్కళ్ళు లోపలున్న ఒక్కొక్కళ్ళ మాటలు నోట్ చేసుకుంటారు, సగం పీరియడ్ అయ్యాక లోపలివాళ్ళు బయటికి బయటివాళ్ళు లోపలికి. చాక్‌పీస్ చేతిలో ఉన్నవాళ్ళే మాట్లాడాలి. లోపల అందరికీ ఒక ఛాన్స్ వచ్చేదాకా ఎవరికీ రెండో ఛాన్స్ లేదు. నేను ఆఖరి బెంచీలో కూర్చుంటాను, నోరు విప్పను, చివరి పది నిమిషాలు మాత్రం నావి.

హాబ్స్, లాక్‌ల ప్రశ్న పిల్లలు ఎక్కణ్ణుంచి తెచ్చారో తెలుసా, క్లాస్ లీడర్ దగ్గర్నుంచి. మన బళ్ళలో సారు స్టాఫ్ రూముకి వెళ్తే లీడర్ బోర్డు మీద మాట్లాడినవాళ్ళ పేర్లు రాస్తాడు కదా, ఒక పిల్ల చీటీలో "సార్ లేనప్పుడు లీడర్‌కి పేరు రాసే పవర్ ఎవరిచ్చారు" అని రాసుకొచ్చింది. ఇక చూడాలండి. లీడర్ లేకపోతే క్లాసు చేపల బజారవుతుంది, కొట్టుకుంటారు, చిన్నవాళ్ళ పెన్నులు లాగేసుకుంటారు, అందుకే ఎవడో ఒకడు ఉండాల్సిందే, వాడు మంచోడా చెడ్డోడా తర్వాత సంగతి అన్నారు కొందరు. అది హాబ్స్ మాటే, వాళ్ళు తమ బెంచీ మీంచి పట్టుకున్నారు. వేరే వైపు నుంచి ఒక అబ్బాయి, మామూలుగా నోరు తెరవని అబ్బాయి, చాక్‌పీస్ తీసుకుని "లీడర్ తన ఫ్రెండ్ పేరు రాయడు, రాసినా సార్ వచ్చేలోపు తుడిచేస్తాడు, వాడి మీద కంప్లైంట్ చేస్తే మన పేరు రెండుసార్లు రాస్తాడు, మరి వాడి పేరు ఎవరు రాయాలి" అన్నాడు. గది ఒక్కసారి హోరెత్తిపోయింది, చర్చ నడుపుతున్న పాప చేతులు పైకెత్తి అందర్నీ ఆపాల్సొచ్చింది. అప్పుడు ఇంకో పాప చేతిలో పేజీ పట్టుకుని లాక్ చెప్పింది చదివింది: ప్రభుత్వం లేని చోట మూడు లోటులు ఉంటాయి, అందరికీ ముందే తెలిసిన చట్టం ఉండదు, ఎవరి పక్షమూ వహించని న్యాయమూర్తి ఉండడు, ఇచ్చిన తీర్పుని అమలు చేసే బలం ఉండదు. "మన క్లాసులో లీడర్ ఉన్నా ఈ మూడింట్లో రెండు లేవు" అంది. మాట్లాడటం అంటే ఏంటో ముందే ఎవరూ చెప్పలేదు, పెన్సిల్ అడిగినా పేరు పడుతుందా? పక్షపాతం లేనివాడు ఎవడూ లేడు. ఉన్నది బలం ఒక్కటే.

అక్కణ్ణుంచి మాంటెస్క్యూ దగ్గరికి నేను తీసుకెళ్ళలేదు, వాళ్ళే నడుచుకుంటూ వెళ్ళారు. రూలు పెట్టేది వాడే, పేరు రాసేది వాడే, నువ్వు తప్పు చేశావని తేల్చేది వాడే, మూడూ ఒక్కడి చేతిలో ఉన్నాయని పిల్లలు లెక్కేసి చెప్పారు. న్యాయాధికారం చట్టం చేసేవాళ్ళ చేతిలో కలిస్తే జనం బతుకు వాళ్ళ ఇష్టానుసారం అయిపోతుందనీ, అమలు చేసేవాళ్ళ చేతిలో కలిస్తే జడ్జికి పీడించేవాడి బలం వస్తుందనీ ఆయన అన్న మాట అప్పుడు పైకి చదివితే, బట్టీ పట్టాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. రూలు క్లాసంతా కలిసి పెట్టుకోవాలి, పేరు లీడర్ రాయాలి, ఒప్పో తప్పో వినడానికి వారానికొకళ్ళు మారుతూ ఉండాలి అని తేల్చుకున్నారు. చివరి పది నిమిషాల్లో నేను చేసిందల్లా రాజ్యాంగం తీసి 50వ అధికరణం చదివించడం, న్యాయశాఖని కార్యనిర్వాహక శాఖ నుంచి వేరుచెయ్యడానికి రాజ్యం చర్యలు తీసుకోవాలని అందులో ఉంది. అది మామూలుగా ఆదేశిక సూత్రాల లిస్టులో ఒక నంబరు, ఆ రోజు మాత్రం పిల్లలకి సొంత తీర్పులా వినపడింది.

రూసో రోజు ఇంకా పెద్ద సంగతి బయటపడింది, ఇది పుస్తకం రాసేవాళ్ళు ప్రత్యేకంగా వినాలి. పేజీలో నేను రూసో మాటలుగా ఇచ్చింది ఇదీ: ఇంగ్లండ్ జనం తాము స్వేచ్ఛగా ఉన్నామనుకుంటారు, అది పొరపాటు, పార్లమెంటు సభ్యుల్ని ఎన్నుకునేటప్పుడు మాత్రమే వాళ్ళు స్వతంత్రులు, ఎన్నిక అయిపోగానే మళ్ళీ బానిసలే. ఒక కుర్రాడు పుస్తకం తెరిచి పెట్టుకుని, "సార్, పుస్తకంలో ప్రజలకీ ప్రతినిధులకీ మధ్య ఒప్పందం అని రూసో అన్నట్టు ఉంది, ఇక్కడేమో ప్రతినిధులే వద్దంటున్నాడు, ఏది కరెక్టు" అని నా వైపు తిరిగాడు. నేను నోరు విప్పకూడదు కాబట్టి నడిపేవాడి వైపు చూపించాను. కుర్రాడు పట్టుకున్నది నిజమే. రూసో చెప్పిన ఒడంబడిక జనం తమలో తాము ఒకళ్ళతో ఒకళ్ళు చేసుకునేది. సార్వభౌమాధికారాన్ని ఇంకొకరు మనకి బదులుగా చెలాయించడం కుదరదని తన ‘సామాజిక ఒడంబడిక’ పుస్తకం మూడో భాగం పదిహేనో అధ్యాయంలో, ప్రభుత్వాన్ని పెట్టుకోవడం అసలు ఒప్పందమే కాదని పదహారో అధ్యాయంలో చెప్పాడు. మన పుస్తకంలో వాక్యం దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది. ఎన్నో ఏళ్ళుగా లక్షల మంది పిల్లలు ఆ వాక్యాన్ని అలాగే రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు, అసలు మాటలు ఐదు వాక్యాలు చేతికిస్తే పద్నాలుగేళ్ళ పిల్లాడు పట్టేశాడు. దయచేసి ఆ వాక్యం సరిచెయ్యండి.

ఆ తర్వాత చర్చ ఎక్కడికి వెళ్తుందో మీరు ఊహించుకోవచ్చు, ఓటు దగ్గరికి. ఐదేళ్ళకోసారి ఓటేసి ఊరుకుంటే రూసో అన్నట్టు మనం బానిసలమేనా, గ్రామసభ ఉంది కదా, అక్కడ మనమే నేరుగా మాట్లాడొచ్చు కదా, మరి గ్రామసభకి ఆడవాళ్ళు ఎందుకు రారు, వచ్చినా ఎందుకు మాట్లాడరు. కోట్ల మంది ఉన్న దేశంలో అందరూ ఒక చోట కూర్చుని చట్టం చెయ్యడం ఎలా కుదురుతుందని రూసోని గట్టిగా కాదన్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళది కూడా మంచి వాదనే. నాకు ఎవరు నెగ్గారన్నది అక్కర్లేదు. ఇంటికెళ్ళేటప్పుడు కూడా వరండాలో వాదించుకుంటూ వెళ్ళారు, ఆ రోజు లాంగ్ బెల్ కొట్టింది కూడా పట్టించుకోలేదు.

ఈ ఆలోచనాపరుల్ని దేవుళ్ళలా చెప్పొద్దని కూడా నా మనవి, ఇది చర్చలో అయితేనే వీలవుతుంది. స్వేచ్ఛ గురించి అంత రాసిన లాక్ బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో డబ్బు పెట్టాడు, నీగ్రో బానిసల మీద యజమానికి పూర్తి అధికారం ఇచ్చిన 1669 నాటి కరోలినా (అమెరికాలో అప్పటి ఇంగ్లీషు వలస) రాజ్యాంగం తయారీలో ఆయన చెయ్యి ఉంది. మనిషి స్వేచ్ఛగా పుట్టాడన్న రూసో అదే 1762లో చదువు గురించి రాసిన ఇంకో పుస్తకంలో ఆడపిల్లల చదువంతా మగవాళ్ళకి పనికొచ్చేలా ఉండాలన్నాడు. ఇది చదివినప్పుడు మా ఆడపిల్లల మొహాలు మీరు చూడాల్సింది. అప్పటిదాకా రూసో పక్షాన మాట్లాడిన పాప ఒకతి, ఆ పేజీ పక్కన పెట్టేసి "అయితే ఆయన చెప్పిన మనిషి అంటే మగాడేనా" అని అడిగింది. దానికి జవాబు 1791లోనే ఫ్రాన్స్‌లో ఒలింప్ ద గూజ్ స్త్రీల హక్కుల ప్రకటన రాసి ఇచ్చింది, 1793లో ఆవిణ్ణి గిలటిన్ ఎక్కించి తల నరికారు, 1792లో ఇంగ్లండ్‌లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ రూసో పేరు పెట్టి మరీ కడిగేసింది. పాప అడిగాక ఆ పేర్లు చెప్తే చెవులు రిక్కించి వింటారు, ముందే బోర్డు మీద రాస్తే కాపీ చేసుకుంటారు.

మా పిల్లలకి ఇంకో ప్రశ్న కూడా సహజంగా వస్తుంది, ఎందుకంటే మాకు యానాం పక్కనే. 1789 ఆగస్టు 26న మనుషులంతా స్వేచ్ఛగా, సమాన హక్కులతో పుడతారని ప్రకటించిన ఫ్రాన్సు 1954 దాకా యానాన్ని ఎలా ఏలింది? ఒక పిల్లాడి తాతగారు ఫ్రెంచివాళ్ళ రోజుల్లో యానాంలో చదువుకున్నారట, ఆయన్ని అడిగొస్తానని వాడు వెళ్ళాడు. ఇదే ప్రశ్నని ఇంకా ముందే, చాలా గట్టిగా అడిగినవాళ్ళు హైతీ బానిసలు, 1791లో తిరగబడి 1804కి సొంత దేశం తెచ్చుకున్నారు. ఫ్రాన్సు 1794లో బానిసత్వం రద్దు చేసింది, నెపోలియన్ 1802లో మళ్ళీ తెచ్చాడు, 1848లో గానీ పూర్తిగా పోలేదు. ప్రకటన ఒకళ్ళు రాస్తారు, దాని అర్థం ఇంకొకళ్ళు పోరాడి రాబట్టుకుంటారు అన్నది పిల్లలకి ఈ వరసలో కనపడుతుంది.

అంబేడ్కర్ గారిని కూడా ఇక్కడే తీసుకురావాలి, పీఠిక ఫోటో దగ్గర ఆపెయ్యకూడదు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనేవి తాను ఫ్రెంచి విప్లవం నుంచి అరువు తెచ్చుకున్నవి కావని, తన గురువు బుద్ధుడి బోధనల నుంచి తీసుకున్నవని 1954 అక్టోబరులో ఆకాశవాణి ప్రసంగంలో ఆయనే చెప్పారు. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం ఉండే వైరుధ్యంలోకి మనం అడుగుపెడుతున్నామని హెచ్చరించారు. ఇవి పక్కపక్కన పెట్టి పిల్లల్ని వదిలితే, యూరప్ నుంచి వచ్చిందంతా గొప్ప అనీ అనరు, మనకెందుకులే వాళ్ళ గోల అనీ అనరు. మన రాజ్యాంగం కూడా వాదించుకునే రాసుకున్నాం కదండీ, ముసాయిదాకి 7,635 సవరణలు వస్తే 2,473 సభలో ప్రతిపాదించారు, రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయమ్మ (దుర్గాబాయ్ దేశ్‌ముఖ్) ఆ సభలో కూర్చుని మాట్లాడిన మనిషి.

ఇక అభ్యంతరాలు. సిలబస్ అవ్వదు అనేది మొదటిది, నిజమే, కానీ ఆ ఒక్క పేరాకి మూడు నాలుగు పీరియడ్లు ఇస్తే ఆ తర్వాత వచ్చే ప్రజాస్వామ్యం, రాజ్యాంగ నిర్మాణం, ఎన్నికల పాఠాలు సగం టైములో అయిపోతాయి, పిల్లలు వాటి ప్రశ్నలతో వస్తారు కాబట్టి. గోల గోలగా ఉంటుంది, పక్క క్లాసుకి డిస్టర్బెన్స్ అనేది రెండోది, దానికి చెట్టు కింద కూర్చుంటాం.

అసలు భయపడాల్సింది ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పైకి అనరు. పిల్లలే నడుపుతారు అని వదిలేస్తే ఊళ్ళో ఎవరి మాట చెల్లుతుందో క్లాసులోనూ వాళ్ళ మాటే చెల్లుతుంది. కులం బలం ఉన్న ఇళ్ళ మగపిల్లలు, ఇంగ్లీషు మీడియంలో బాగా చదివేవాళ్ళు, వీళ్ళు మాట్లాడతారు, కాలనీ నుంచి వచ్చే పిల్లలు, మాట తడబడేవాళ్ళు, ఆడపిల్లలు తల వంచుకుని వింటారు, మేం అది చర్చ అనుకుని సంతోషపడతాం. అందుకే చాక్‌పీస్ రూలు, రెండో ఛాన్స్ రూలు, నడిపేవాళ్ళని చీటీ తీసి ఎంచడం, ఇవేవీ ఆటలు కావు, అవి లేకపోతే చర్చ పెట్టకపోవడమే మేలు అని నా గట్టి అభిప్రాయం. మాట్లాడటం ఇష్టం లేనివాళ్ళు రాసి ఇవ్వొచ్చు, నడిపేవాళ్ళు దాన్ని చదువుతారు. ఇంట్లో మాట్లాడే భాషలోనే మాట్లాడొచ్చు, ఎవరూ నవ్వకూడదు. పిల్లలు తప్పులు మాట్లాడితే ఎలా అంటారు, తప్పు సంగతి అయితే ఆ చివరి పది నిమిషాల్లో సరిచేస్తాను, సంవత్సరాలు, ఎవరు ఏం రాశారు లాంటివి. అభిప్రాయం అయితే సరిచెయ్యను, ఎందుకు అని మాత్రం అడుగుతాను. పార్టీల గొడవ వస్తుందని కొందరు తల్లిదండ్రులకి భయం, వాళ్ళని పిలిచి వెనకాల కూర్చోబెడితే ఆ భయం చాలామటుకు పోతుంది, టీచర్ తన పార్టీ ఏంటో నోరు జారకపోతే మిగతాది కూడా పోతుంది. ఇక్కడ టీచరుకి పని తగ్గుతుందనుకునేవాళ్ళు ఒక్కసారి చేసి చూడండి, లెక్చర్ ఇవ్వడం దీనిముందు ఎంత సుళువో తెలుస్తుంది, పిల్లలు ఎటు తిప్పినా అటు తయారుగా ఉండాలి.

మీ చేతుల్లో ఉన్న పని చెప్తాను. ఆ పాఠం చివర రెండు పేజీలు ఇవ్వండి, హాబ్స్, లాక్, మాంటెస్క్యూ, రూసో, ఒలింప్ ద గూజ్, అంబేడ్కర్ అసలు మాటలు తలా ఐదారు వాక్యాలు, పిల్లలకి అర్థమయ్యే తెలుగులో, ఎలాగూ ఒక పేజీ ఇంగ్లీషు ఎదురు పేజీ తెలుగు వేస్తున్నారు కాబట్టి రెండు భాషల్లోనూ ఉంటుంది. ఇప్పుడు ఆ పేజీ నా సొంతంగా తయారుచేసుకుని జిరాక్స్ తీయించుకుంటున్నాను, ప్రతి టీచరూ చెయ్యలేరు, తప్పులు కూడా దొర్లుతాయి, అది పండితులు కూర్చుని చెయ్యాల్సిన పని.

శిక్షణలో పీపీటీ చూపించొద్దు. స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో టీచర్లమే గుండ్రంగా కూర్చుని ఆ పేజీ మీద గంటసేపు వాదించుకునేలా చెయ్యండి, మాలో ఒకళ్ళు చాక్‌పీస్ ఎవరికీ ఇవ్వకుండా పట్టుకుంటే పిల్లలకి ఎలా ఉంటుందో మాకే తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం పేపర్. మనం ఏళ్ళ తరబడి యూనిట్ ప్లాన్లలో విద్యా ప్రమాణాలని రాసుకుంటున్నాం, పాఠ్యాంశాన్ని చదివి అర్థం చేసుకుని వ్యాఖ్యానించడం, సమకాలీన అంశాలపై ప్రతిస్పందించి ప్రశ్నించడం అని. ఆ రెంటికీ నిజంగా సరిపోయే ప్రశ్న ఒకటి వెయ్యండి. రూసో ఇంగ్లండ్ ఎన్నికల గురించి అన్న ఆ మూడు లైన్లు ఇచ్చి, దీంతో మీరు ఏకీభవిస్తారా, రెండు కారణాలు చెప్పి, మీకు ఎదురు వాదన ఒకటి రాసి దానికి జవాబు ఇవ్వండి అని అడగండి. కీలో అవును అన్నా కాదు అన్నా మార్కులు ఉండాలి, మార్కు కారణానికి పడాలి, ఎదురు వాదనని నిజాయితీగా రాసినందుకు ఒక మార్కు విడిగా ఉండాలి. ఆ లైన్లు ఏటా మార్చండి, లేకపోతే జనవరికల్లా గైడులో దానికి కూడా జవాబు వచ్చేస్తుంది. 1784లో జర్మన్ తత్వవేత్త కాంట్ సరిగ్గా దీని మీదే బాధపడ్డాడు, నా బదులు ఆలోచించే పుస్తకం ఒకటి ఉంటే నేను కష్టపడక్కర్లేదని జనం అనుకుంటారని. మన పిల్లలు ఆల్ ఇన్ వన్ గైడు చంకలో పెట్టుకుని తిరుగుతున్నారంటే అది వాళ్ళ బద్ధకం కాదు, పేపర్ అదే అడుగుతోంది కాబట్టి.

ఫార్మేటివ్‌లో, అంటే ఏడాది మధ్యలో బళ్ళోనే వేసే మార్కుల్లో, పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు అని మార్కులు పెట్టుకున్నాం, వాటిని చాలాచోట్ల రిజిస్టర్‌లో వరసగా వేసేస్తారు. చర్చలో వెనక కూర్చున్న పిల్లలు రాసిన నోట్స్‌నే ఆ మార్కులకి ఆధారంగా తీసుకోవచ్చని ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు, మాకు బలం వస్తుంది, తనిఖీకి వచ్చినాయన బెంచీలు తిప్పి ఉన్నాయేంటి అని అడిగినప్పుడు చూపించడానికి కాగితం ఉంటుంది.

మా బడికి ఎవరైనా వచ్చి చూస్తానంటే సంతోషం. చర్చ ఉన్న రోజు రండి, వెనక గుండ్రంలో కూర్చోండి, మీకూ ఒక పేజీ ఇస్తాం, మీకు ఛాన్స్ వచ్చేది మాత్రం లోపల అందరూ మాట్లాడాకే. వచ్చే ఏడాది పుస్తకాలు ప్రింటుకి వెళ్ళేలోపు రాగలిగితే రూసో వాక్యం పట్టుకున్న కుర్రాణ్ణి కూడా కలవొచ్చు, ఇప్పుడు పదో తరగతికి వచ్చాడు.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్